బరంపురంలో బయల్దేరినా లెక్క హైదరాబాద్‌దే: దూరపు విమానాల రూట్లు ఎలా పుడతాయి

ఒడిశాలోని బరంపురంలో, పెద్ద బజారు దగ్గర ఒక ట్రావెల్ ఏజెన్సీలో, కొడుకుని అమెరికా చదువుకి పంపుతున్న తండ్రి కూర్చున్నాడనుకుందాం. ఏజెంటు మొదట అడిగేది తేదీ కాదు. "ఎక్కణ్ణుంచి వెయ్యమంటారండీ? భువనేశ్వరా, వైజాగా, హైదరాబాదా?" అంటాడు. తండ్రి కాసేపు ఆలోచిస్తాడు. భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, వైజాగ్ 270 దాకా ఉంటుంది. హైదరాబాద్ అంటే పదిహేను పదహారు గంటల రైలు. అయినా అక్కడ చెల్లెలి ఇల్లుంది, టిక్కెట్టూ కొన్ని వేలు తక్కువకి వస్తోంది, మధ్యలో మారాల్సిన విమానం ఒకటి తగ్గుతుంది. "హైదరాబాదే వేసెయ్యండి" అంటాడు. ఏజెంటు 'ఫ్రమ్' అన్న గడిలో హెచ్, వై, డి అని మూడక్షరాలు కొడతాడు.

ఆ మూడక్షరాలు పడ్డాక ఆ కుర్రాడు హైదరాబాదు ప్రయాణికుడు. ఇల్లు బరంపురంలోది, డబ్బు బరంపురానిది, సూట్‌కేసులో అప్పడాలూ పచ్చళ్లూ బరంపురంవే. టిక్కెట్టు మీద మాత్రం ఆ ఊరి పేరు ఎక్కడా ఉండదు. మనవాళ్లు ఇంతమంది గల్ఫ్‌లో, సింగపూర్‌లో, అమెరికాలో ఉన్నారు కదా, దగ్గర్లోంచి డైరెక్ట్ ఫ్లైట్ ఎందుకు వెయ్యరని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగువాళ్లు అడుగుతుంటారు. ఆ ప్రశ్నకి సగం జవాబు ఆ గడిలో ఉంది. మిగతా సగం విమానం గంటల లెక్కలో ఉంది.

జనం సంఖ్యే కొలమానమైతే బరంపురం నుంచి సూరత్‌కి ఈపాటికి రోజూ విమానం తిరుగుతూ ఉండాలి. గంజాం జిల్లా నుంచి మరమగ్గాల పనికి సూరత్ వెళ్లినవాళ్లు లక్షల్లో ఉన్నారు. అహ్మదాబాద్ వైపు వెళ్లే రైళ్లలో జనరల్ బోగీ తలుపు దగ్గర కాలు పెట్టే చోటుండదు. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వచ్చిందంటే ఆ రద్దీ ఇంకా పెరుగుతుంది. కానీ ఆ జనం పెట్టగలిగే ఛార్జీ రైలు ఛార్జీ. విమాన సంస్థ లెక్కలో డిమాండు అంటే వెళ్లాలనుకునే తలకాయలు కావు. ఒక ధరకి, ఒక రోజున, టిక్కెట్టు కొనేవాళ్లు.

అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది. ఈ విమానాన్ని ఈ రూటులో తిప్పితే వచ్చేది, ఇదే విమానాన్ని ఇంకోచోట తిప్పితే వచ్చేదానికంటే ఎక్కువా? ప్రైవేటు బస్సుల యజమానులకి ఇది కొత్త సంగతేం కాదు. బరంపురం నుంచి కోరాపుట్ వైపు జైపూర్‌కి రాత్రి సర్వీసు వేసే ఆయన పోయేటప్పుడు ఎంత నిండుతుందన్నది ఒక్కటే చూడడు. తెల్లారి తిరుగు ట్రిప్పులో ఎంతమంది ఎక్కుతారు, పగలంతా బస్సు స్టాండులో ఖాళీగా ఉంటుందా, పెళ్లిళ్ల సీజన్లో అదే బస్సుని అద్దెకిస్తే ఎంతొస్తుంది, అన్నీ చూస్తాడు. కాకపోతే బస్సు వెయ్యాలా మానాలా అన్నది ఓ నెల తిప్పి చూసి తేల్చుకోవచ్చు. దూరప్రయాణాల పెద్ద విమానం ఒక్కోటి వెయ్యి కోట్ల రూపాయల పైమాట. అది నేలమీద కూర్చున్న ప్రతి గంటా వడ్డీయో లీజు అద్దెయో తింటూనే ఉంటుంది.

ఎవరెక్కడికి వెళ్తున్నారో ఎలా తెలుస్తుంది

విమాన సంస్థల్లో నెట్‌వర్క్ ప్లానింగ్ అని ఒక విభాగం ఉంటుంది. వాళ్ల ముందుండే ముడిసరుకు టిక్కెట్ల సమాచారం. ఏజెంట్లు వాడే బుకింగ్ వ్యవస్థల్లోంచి ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఎక్కడ మారి, ఏ నెలలో, ఎంత ధరకి ఎంతమంది వెళ్లారో బయటికొస్తుంది. దాన్ని కూర్చి అమ్మే కంపెనీలున్నాయి. సంస్థ సొంత వెబ్‌సైటులో కొన్న టిక్కెట్లు అందులో సరిగ్గా పడవు కాబట్టి వాటిని అంచనా కట్టి కలుపుతారు. ఇంటర్నెట్‌లో ఏ రూటు కోసం ఎక్కువమంది వెతుకుతున్నారో కూడా చూస్తారు.

ఈ లెక్కలో అసలు మొదలు, ఆఖరి గమ్యం ముఖ్యం. భువనేశ్వర్‌లో ఎక్కి, ఢిల్లీలో మారి, లండన్‌లో దిగినవాడు భువనేశ్వర్–లండన్ ప్రయాణికుడిగానే లెక్కకొస్తాడు, ఒకే టిక్కెట్టు అయితే. అదే మనిషి రైల్లో హైదరాబాద్ వెళ్లి విమానం ఎక్కితే హైదరాబాద్–లండన్ ఖాతాలో పడతాడు. ఇలా ఒక ఊరి చుట్టుపక్కల జనం ఇంకో ఊరి విమానాశ్రయానికి వెళ్లిపోవడాన్ని ఆ రంగంలో 'లీకేజీ' అంటారు. కుళాయి కారినట్టే అనుకోవచ్చు. కారిన నీళ్లు మీటరులో కనిపించవు.

ఇది తనంతట తానే పెరిగే జబ్బు. హైదరాబాదులో విమానాలు ఎక్కువ కాబట్టి సరిహద్దు జిల్లాలవాళ్లు అక్కడికి వెళ్తారు. వాళ్లు వెళ్లడం వల్ల హైదరాబాదు లెక్క ఇంకా బలపడుతుంది. 2024లో లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి, 2025లో కేఎల్ఎం ఆమ్‌స్టర్‌డామ్ నుంచి హైదరాబాదుకి విమానాలు వేశాయి. ఆ నిర్ణయాల వెనక ఐటీ కంపెనీలు, మందుల పరిశ్రమ, తెలంగాణ విద్యార్థులు ఉన్నారని అందరూ చెబుతారు. పర్లాకిమిడి నుంచి రైలెక్కి వచ్చినవాళ్లు కూడా ఆ అంకెల్లో కొన్ని సీట్లే. వాళ్ల పేరు చెప్పేవాళ్లే లేరు.

విమానాశ్రయాలు చేతులు కట్టుకుని కూర్చోవు. పెద్ద విమానాశ్రయాలకి సంస్థల దగ్గరికి వెళ్లి తమ ఊరికి రూటు వెయ్యమని అడిగే బృందాలుంటాయి. విమానాశ్రయాలూ విమాన సంస్థలూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే అంతర్జాతీయ సమావేశాలు ఏటా జరుగుతాయి, పెళ్లిళ్ల పేరయ్యలు లేని పెళ్లిచూపుల్లాగా. కారిపోతున్న జనం ఎంతమందో అక్కడ చూపించగలిగితేనే మాట ముందుకు సాగుతుంది.

నిండిన విమానం కూడా నష్టపోవచ్చు

మొన్న ఫ్లైట్‌లో ఒక్క సీటు ఖాళీ లేదు, అయినా ఆపేశారట అన్న మాట తరచూ వినిపిస్తుంది. అందులో వింతేమీ లేదు. ఊరికే లెక్క కోసం 300 సీట్ల విమానం తీసుకుందాం. సగటున 30 వేల రూపాయలకి 270 మంది ఎక్కితే వచ్చేది 81 లక్షలు. సగటున 42 వేలకి 210 మందే ఎక్కితే 88 లక్షలు దాటుతుంది. చూసేవాళ్లకి మొదటి విమానం కిటకిటలాడుతోంది, రెండోదాంట్లో దాదాపు మూడో వంతు ఖాళీ. సంస్థ రెండోదాన్నే ఉంచుకుంటుంది.

దూరప్రయాణాల్లో ఈ తేడా తెచ్చేది ముందు వరసల బిజినెస్ క్లాస్. అక్కడ ఒక సీటు వెనకాల నాలుగైదు సీట్ల డబ్బు తెస్తుంది. దీనికి కొస ఉదాహరణ సింగపూర్ ఎయిర్‌లైన్స్. 2018 అక్టోబరులో సింగపూర్ నుంచి న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌కి ఆగకుండా మళ్లీ ఎగరడం మొదలుపెట్టినప్పుడు, ఆ విమానంలో పెట్టినవి 161 సీట్లే. 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. మామూలు ఎకానమీ సీటు ఒక్కటీ లేదు. పదిహేను వేల కిలోమీటర్ల పైన మోసుకెళ్లడానికి తక్కువ ఛార్జీ ప్రయాణికుడు గిట్టుబాటు కాడు.

అంత దూరంలో ఇంధనాన్ని మొయ్యడానికే ఇంధనం కాలుతుంది. బోయింగ్ 777-200ఎల్ఆర్ గరిష్ఠంగా సుమారు 347 టన్నుల బరువుతో లేవగలదు. దాని ట్యాంకుల్లో పట్టే ఇంధనమే సుమారు 145 టన్నులు. మనుషులూ సామానూ కలిపినా ఆ దరిదాపుల్లోకి రారు.

ఇక తిరుగు ట్రిప్పు. ఆగస్టులో తెలుగు విద్యార్థులతో అమెరికా వైపు విమానాలు నిండుతాయి. అదే విమానం వెనక్కొచ్చేటప్పుడు అంతమంది ఉండరు. మనవళ్లని చూసుకోవడానికి వెళ్లే అమ్మానాన్నలు ఎండాకాలం మొదట్లో బయల్దేరి చలి మొదలయ్యేలోపు తిరిగొస్తారు. డిసెంబరులో పిల్లలు ఇటు వస్తారు. ఏడాదిలో కొన్ని వారాలే రెండువైపులా ఒకేలా నిండుతుంది. ఫిబ్రవరిలోనూ విమానం అద్దె అంతే, పైలట్ జీతం అంతే. అందుకే రూటు బతుకుతుందా లేదా అన్నది సంక్రాంతి టిక్కెట్ల ధర చూసి కాదు, ఎవరూ కదలని నెలల్లో సీట్లు చూసి చెప్పాలి.

విమానం పొట్టలో వేసే సరుకు కూడా ఆదాయమే. హైదరాబాదు నుంచి మందులూ వ్యాక్సిన్లూ వెళ్తాయి, కిలోకి మంచి ధర ఇస్తాయి. గంజాం జిల్లా పేరుమోసింది మొగలిపూలకి. ఇక్కడి మొగలి అత్తరుకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కానీ అత్తరు సీసాలు ఎన్ని టన్నులుంటాయి? పలాస జీడిపప్పు లారీలో పోతుంది, రొయ్యలు గడ్డకట్టించి ఓడలో పోతాయి. విమానం పొట్ట నింపే సరుకు ఈ చుట్టుపక్కల తక్కువ. మన వైపు నుంచి వెళ్లేవాళ్ల రెండేసి సూట్‌కేసులే ఆ చోటంతా ఆక్రమిస్తాయి. ఆవకాయ డబ్బాకి విమానం కిలో లెక్కన ఛార్జీ వసూలు చెయ్యదు, చేస్తే సగంమంది ప్రయాణం మానుకుంటారు.

వారానికి ఎన్నిసార్లు

రూటు ఖరారైనా వారానికి ఎన్ని సర్వీసులన్నది తేలాలి. చాలామంది దీన్ని చిన్న వివరం అనుకుంటారు. నిజానికి రూటు చావూ బతుకూ ఎక్కువగా ఇక్కడే తేలతాయి.

హైదరాబాద్–చికాగో తీసుకుందాం. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో ఈ విమానాన్ని వారానికి ఒక్కసారి చొప్పున మొదలుపెట్టింది. దూరం 13 వేల కిలోమీటర్లు దాటుతుంది. పోవడానికి పదహారు గంటలనుకుంటే, అక్కడ శుభ్రం చేసి, తనిఖీ చేసి, ఇంధనం, భోజనాలు ఎక్కించడానికి మూడు గంటలు. రావడానికి ఇంకో పదిహేను. ఇక్కడ మళ్లీ మూడు. మొత్తం 37 గంటలు. వారంలో ఉన్నవి 168 గంటలు. భాగిస్తే నాలుగున్నర వస్తుంది. అంటే ఒక విమానంతో వారానికి నాలుగుసార్లు తిప్పొచ్చు, రోజూ తిప్పాలంటే ఒకటి చాలదు. రెండు పెడితే రెండోదానికి సగం ఖాళీ సమయం మిగులుతుంది. ఆ అర విమానానికి ఇంకో రూటు దొరకాలి. కొత్త రూట్లు చాలావరకు వారానికి మూడు నాలుగు సర్వీసులతో మొదలవడంలో ఈ భాగహారం పాత్ర చాలా ఉంది.

వారానికి ఒక్కటే వేస్తే ఖర్చు తగ్గుతుందనిపిస్తుంది. సిబ్బంది సంగతి చూస్తే తెలుస్తుంది. అంత పొడవు ప్రయాణానికి నలుగురు పైలట్లు కావాలి. దిగాక నిబంధనల ప్రకారం విశ్రాంతి తీసుకోవాలి, అదే విమానంలో వెంటనే వెనక్కి రాలేరు. తర్వాతి విమానం వారం తర్వాతైతే వాళ్లు వారమంతా హోటల్లోనే ఉండాలి, లేదా ఇంకో విమానంలో ప్రయాణికుల్లా కూర్చుని రావాలి. అక్కడి విమానాశ్రయంలో కౌంటరు, నేలమీద పనివాళ్లు, విడిభాగాలు, వారానికి ఒక్కపూట పనికోసం ఇవన్నీ పెట్టుకోవాలి. చికాగో సర్వీసు ఎక్కువకాలం నిలవలేదు. అంతదూరం ఎగరగల ఆ రకం విమానాలు అప్పట్లో సంస్థ దగ్గర వేళ్లమీద లెక్కపెట్టేన్నే ఉండేవి. అలాంటప్పుడు అవి ఢిల్లీకి, ముంబైకి వెళ్లిపోవడంలో ఆశ్చర్యం లేదు. మొత్తం దేశం ప్రయాణికుల్ని అక్కడ పోగు చెయ్యొచ్చు కాబట్టి.

ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే ఫ్రీక్వెన్సీ, అంటే వారానికి ఎన్నిసార్లన్నది, ఇంకో రకంగా పనిచేస్తుంది. ఇచ్ఛాపురం పక్క పల్లెలో సోమవారం తెల్లవారుజామున తండ్రి పోయాడు. గల్ఫ్‌లో వెల్డింగ్ పనిలో ఉన్న కొడుక్కి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నాన్న లేడురా. ఎప్పుడొస్తావు? రేపు పొద్దున్నదాకా ఉంచుతాం." భువనేశ్వర్‌కి నేరుగా వచ్చే విమానం గురువారం. కొడుకు దానికోసం ఆగడు. ఆ రాత్రికే దొరికిన హైదరాబాదు విమానమో ముంబై విమానమో పట్టుకుని, అక్కణ్ణుంచి వైజాగ్ మీదుగా ఇంటికి చేరతాడు. అప్పటికప్పుడు కొన్న టిక్కెట్టు కాబట్టి ధర రెట్టింపు, బేరమాడే పరిస్థితీ కాదు. ఆ డబ్బు రోజుకి రెండు మూడు విమానాలు తిప్పే సంస్థకే పోయింది. గురువారం విమానానికి మిగిలేవి రెండు నెలల ముందు చౌకగా కొన్న టిక్కెట్లు.

కంపెనీ పనిమీద వెళ్లే ఇంజనీరుదీ ఇదే పద్ధతి. మంగళవారం మీటింగ్, బుధవారం తిరుగు ప్రయాణం. వారానికి మూడు విమానాలుండే రూటు అతనికి ఉన్నా లేనట్టే. అందుకే ఒక రూటులో ఎక్కువసార్లు తిరిగే సంస్థకి తన సర్వీసుల వాటాకి మించిన ప్రయాణికుల వాటా దక్కుతుందని ఈ రంగంలో పాత నమ్మకం. ఎంత మించి అన్నదాని మీద వాదనలున్నా, మొత్తంమీద 350 సీట్ల విమానాన్ని వారానికి మూడుసార్లు వెయ్యడం కంటే 200 సీట్లదాన్ని ఐదుసార్లు వెయ్యడం మెరుగన్న ఆలోచన బలపడుతోంది.

ఆ 200 సీట్ల విమానం మొన్నటిదాకా దూరాలకి వెళ్లలేకపోయేది. ఎయిర్‌బస్ ఏ321ఎక్స్ఎల్ఆర్ ఒకే నడవా ఉన్న చిన్న విమానం, కంపెనీ లెక్కన 8,700 కిలోమీటర్ల దాకా ఎగరగలదు. 2024 నవంబరులో స్పెయిన్ సంస్థ ఐబీరియా దాన్ని మాడ్రిడ్–బోస్టన్ మధ్య నడపడం మొదలుపెట్టింది. ఇండిగో కూడా పదుల సంఖ్యలో ఆర్డరిచ్చింది. భువనేశ్వర్ నుంచి లండన్ సుమారు 8 వేల కిలోమీటర్లు. కాగితం మీద అందుతుంది. ఎదురుగాలి, నిండు బరువు కలిస్తే అంచుకి చేరుతుంది. భువనేశ్వర్, వైజాగ్ లాంటి ఊళ్లకి యూరప్ విమానమంటూ ఎప్పటికైనా వస్తే అది ఇలాంటి చిన్న విమానంతోనే అని ఊహించొచ్చు. కాకపోతే అది ముందు ఢిల్లీలో, ముంబైలో తన కడుపు నింపుకున్నాకే.

దుబాయ్ ఎందుకు గెలుస్తుంది

డాలస్‌లో ఇంతమంది తెలుగువాళ్లుండగా హైదరాబాదు నుంచి అక్కడికి నేరుగా విమానం ఎందుకు లేదన్నది తెలుగు ఇళ్లలో పాత ప్రశ్న. దూరం 14 వేల కిలోమీటర్లు దాటుతుంది. రోజూ నిండాలంటే రోజుకి మూడొందలమంది డాలస్‌కే వెళ్లాలి, లేదా డాలస్‌లో దిగి చుట్టుపక్కల ఊళ్లకి మారాలి. దుబాయ్ విమానానికి ఆ ఇబ్బంది లేదు. హైదరాబాదులో ఎక్కిన మూడొందల మందిలో కొందరు దుబాయ్‌లోనే దిగుతారు. మిగతావాళ్లు డాలస్‌కి, టొరంటోకి, మాంచెస్టర్‌కి, ఇంకా ఎన్నో ఊళ్లకి చీలిపోతారు. ఒక్కో ఊరికి ఐదుగురున్నా చాలు, విమానం నిండుతుంది. చిన్న ఊరికి ముందు హబ్‌కి, అంటే దుబాయ్‌లాగా అందరూ దిగి విమానాలు మారే కూడలికి, విమానం వస్తుంది, చివరి ఊరికి నేరుగా రావడం చాలా తర్వాతి మాట.

ఆ చీలిక సాఫీగా జరగాలంటే పదుల విమానాలు ఒకే గంటల్లో దిగి, కాస్త వ్యవధిలో మళ్లీ ఒకేసారి లేవాలి. మన దగ్గర అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున మూడింటికీ నాలుగింటికీ విమానాలు లేవడానికి పెద్ద కారణం ఇదే. అక్కడ పొద్దున దిగి, అమెరికా యూరప్ విమానాలు అందుకోవాలి. నిద్ర చెడేది మనది, సౌకర్యం హబ్‌ది.

అయితే హబ్ సంస్థలు ఇష్టమొచ్చిన ఊరికి రాలేవు. 1944 చికాగో ఒప్పందం నాటి నుంచి ఏ దేశపు విమానం ఏ దేశంలో ఎక్కడ దిగొచ్చో రెండు దేశాల మధ్య ఒప్పందాలే తేలుస్తాయి. భారత్, దుబాయ్ మధ్య ఒక్కో వైపు సంస్థలకి వారానికి సుమారు 66 వేల సీట్ల పరిమితి 2014 నుంచి ఉంది. దుబాయ్ సంస్థ ఎమిరేట్స్ మన దేశంలో తొమ్మిది ఊళ్లకి వస్తుంది. వాటిలో హైదరాబాద్, కోల్‌కతా ఉన్నాయి, భువనేశ్వర్, వైజాగ్ లేవు. పరిమితి పెంచమని దుబాయ్ అడుగుతూ ఉంటుంది. పెంచితే మన సంస్థలు దూరపు రూట్లు ఎన్నటికీ వెయ్యలేవని ఇక్కడి వాదన. రెండు వాదనల మధ్యా టిక్కెట్టు ధర మాత్రం ప్రయాణికుడే భరిస్తున్నాడు.

తూర్పువైపు పరిస్థితి వేరు. ఆగ్నేయాసియా దేశాల సంస్థలకి భారత్‌లో 18 ఊళ్లకి పరిమితి లేకుండా రావడానికి వీలుంది. భువనేశ్వర్, విశాఖపట్నం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. సింగపూర్ నుంచి అక్కడి చౌక విమాన సంస్థ స్కూట్ వైజాగ్‌కి రావడం, 2017లో ఎయిర్ ఏషియా కౌలాలంపూర్ నుంచి భువనేశ్వర్‌కి రావడం అందుకే సులువయ్యాయి. బరంపురం నుంచి బయటి దేశం దగ్గరయ్యేది ముందు తూర్పునే. 2016 పౌర విమానయాన విధానం ఢిల్లీకి 5,000 కిలోమీటర్ల అవతలి దేశాలకి తలుపులు బార్లా తెరిచింది గానీ, ఆ దూరం నుంచి ఈ తీరానికి రావడానికి ఎవరూ పరుగెత్తుకు రాలేదు. గల్ఫ్ ఆ 5,000 కిలోమీటర్ల లోపే ఉంది.

పైన ఆకాశం కూడా చెయ్యివ్వొచ్చు. 2022లో రష్యా తన గగనతలాన్ని పాశ్చాత్య సంస్థలకి మూసేశాక అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రకటించిన సియాటెల్–బెంగళూరు విమానం మొదలవనే లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి దారి మూశాక ఎయిర్ ఇండియా ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసుని ఆ సెప్టెంబరు నుంచి ఆపేసింది. రూటు పటం మీద గీసిన గీత అక్కడే ఉంటుంది, దాని ఖర్చు మారిపోతుంది.

ప్రభుత్వం డబ్బిస్తే

కంపెనీ వెనకాడే చోట ప్రభుత్వం నష్టాన్ని పూడ్చడానికి డబ్బు పెట్టడం ఒక దారి. వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అంటారు. ఒడిశా ప్రభుత్వం ఇలాగే సాయం చేసి 2023లో భువనేశ్వర్ నుంచి దుబాయ్, సింగపూర్, బ్యాంకాక్‌లకి ఇండిగో విమానాలు వేయించింది. అంతకుముందే ఆంధ్రప్రదేశ్ ఈ ప్రయోగం చేసింది. 2018 డిసెంబరులో విజయవాడ–సింగపూర్ విమానం వారానికి రెండుసార్లు మొదలైంది. 2019లో ప్రభుత్వం మారింది, సాయం నిలిచింది, విమానమూ ఆగింది. ఆరునెలల ముచ్చట.

తప్పు సాయంలో ఉందనడం తేలిక. నిజానికి కొత్త రూటు జనానికి అలవాటవడానికే ఏడాది రెండేళ్లు పడుతుంది. గుణుపూర్‌లో ఉన్నవాడికి విజయవాడ నుంచో భువనేశ్వర్ నుంచో విమానం ఉందని తెలియాలి, ఏజెంటుకి నమ్మకం కుదరాలి, వచ్చే ఏడాది కూడా ఉంటుందన్న భరోసా ఉండాలి. ఆరునెలల సాయం ఇవేవీ కొనలేదు. పైగా వారానికి రెండుసార్లంటే పైన చెప్పిన ఫ్రీక్వెన్సీ జబ్బు మొదటి రోజు నుంచే ఉంది. ఎక్కువ ఊళ్లకి తలో రెండు విమానాలు వేయించడం కంటే ఒకే ఊరికి రోజూ విమానం వేయించడానికి అదే డబ్బు పెడితే నిలబడే అవకాశం ఎక్కువ. రిబ్బన్ కత్తిరించే ఫొటోలు మాత్రం తగ్గుతాయి.

ఇంకో ఇబ్బంది ఎవరూ పైకి అనరు. భువనేశ్వర్‌లో ఎక్కి ఢిల్లీలోనో ముంబైలోనో మారి గల్ఫ్ వెళ్లేవాళ్లని ఇప్పటికే మోస్తున్నది అవే సంస్థలు. నేరు విమానం వేస్తే తమ దేశీయ విమానంలో సీట్లే ఖాళీ అవుతాయి. కొత్తగా వచ్చే ప్రయాణికులెంతమంది, తమ జేబులోంచి తమ జేబులోకే మారేవాళ్లెంతమంది అని లెక్క చూసుకుంటారు.

రన్‌వే పొడవూ ఒక మాట చెబుతుంది. హైదరాబాదుది 4,260 మీటర్లు, వైజాగ్‌ది మూడు వేల పైన, భువనేశ్వర్‌ది 2,743. ఎండ ముదిరినకొద్దీ గాలి పలచబడి రెక్కలకి పట్టు తగ్గుతుంది. పెద్ద విమానం నిండు ఇంధనంతో మే నెల మధ్యాహ్నం భువనేశ్వర్‌లో లేవాలంటే మనుషుల్నో సరుకునో తగ్గించుకోవాలి. వైజాగ్ విమానాశ్రయం నౌకాదళానిది కాబట్టి అక్కడ పౌర విమానాల వేళలకి వాళ్ల అవసరాలు అడ్డొస్తాయి. వైజాగ్ కోసం కొత్తగా తలపెట్టిన భోగాపురం విమానాశ్రయానికి 3,800 మీటర్ల రన్‌వే వెయ్యడంలో ఈ రెండు చిక్కులకీ సమాధానం ఉంది.

భోగాపురం విజయనగరం జిల్లాలో, వైజాగ్‌కి ఇవతలివైపు, జాతీయ రహదారిని ఆనుకుని ఉంది. బరంపురం నుంచి వైజాగ్ దాకా పోనక్కర్లేదు, నలభై కిలోమీటర్లకి పైగా కలిసొస్తుంది. పర్లాకిమిడికి, రాయగడకి అది భువనేశ్వర్ కంటే ఎంతో దగ్గర. కానీ ప్లానర్లు దూరాన్ని కిలోమీటర్లలో కొలవరు, ఇంటి గుమ్మం నుంచి పట్టే గంటల్లో కొలుస్తారు. రెండు గంటల్లో చేరగలిగే జనం ఒక లెక్క, నాలుగు గంటలవాళ్లు ఇంకో లెక్క. బరంపురం అటు భువనేశ్వర్ వలయానికీ ఇటు భోగాపురం వలయానికీ అంచున పడుతుంది. ఇద్దరూ సగం సగం లెక్కేసుకుంటారు, ఇద్దరి నివేదికల్లోనూ అది చివరి పేజీలో ఉంటుంది.

రైలూ విమానమూ ఎంత బాగా కలుస్తాయన్న దాన్నిబట్టి ఆ అంచు ఎటు జరిగేదీ ఉంటుంది. విమానాల వేళాపట్టికలు ఏడాదికి రెండుసార్లు, మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం మారతాయి. రైల్వేవాళ్ల పట్టికతో వాటికి సంబంధం లేదు. రాత్రి పదకొండున్నరకి వైజాగ్‌లో దిగిన సింగపూర్ విమానంలోంచి రెండు సూట్‌కేసులతో బయటికొచ్చిన బరంపురం కుటుంబం ముందు రెండే దారులుంటాయి. ఐదారు వేలిచ్చి కారు మాట్లాడుకోవడం, లేదా స్టేషన్‌లో పిల్లల్ని సూట్‌కేసుల మీద పడుకోబెట్టి హౌరా వైపు వెళ్లే రైలు కోసం చూడటం. పైసారి ఏజెంటు దగ్గరికి వెళ్లినప్పుడు వాళ్లు ఏ మూడక్షరాలు కొట్టమంటారో ఆ రాత్రి ఎలా గడిచిందన్న దాన్నిబట్టి ఉంటుంది.